ఉరుకుడు పరీక్ష

కాటమయ్య లాప్‌టాప్‌ను తువ్వాలలో చుట్టుకొని తెచ్చాడు. కౌంటర్ మీద పెట్టి, ముడి విప్పి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"పట్నంల కొన్న బిడ్డా. పాతదే గని కొత్తదాని లెక్క ఉన్నదని తెచ్చిన. మా బిడ్డ యాదలక్ష్మి డిగ్రీ సదువుతాంది, దానికోసం. బటన్ ఒత్తి బయటికి పోయి చాయ్ తాగొచ్చినా ఇది లేస్తలేదు. జర లోపల ఏమున్నదో సూడు."

నాజియా దాన్ని తిప్పి చూసింది. మూత మీద మెరిసే స్టిక్కర్ ఉంది. స్టిక్కర్‌ను బట్టి అది నాలుగేళ్ల కిందటి మంచి మిషన్. స్టిక్కర్లను నమ్మడం ఆమె ఏనాడో మానేసింది.

జడ్చర్లలో, బాదేపల్లి మార్కెట్ రోడ్డు మీద ఉన్న ఆ దుకాణం ఒకప్పుడు ఆమె తండ్రి చోటే మియాది. బావి మోటార్లు కాలిపోతే చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఆయన దగ్గరికే తెచ్చి వైండింగ్ చేయించుకునేవారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నాజియా ఫ్యాక్టరీల ఆఫీసులు తీసేసిన పాత కంప్యూటర్లు తెచ్చి, దుమ్ము దులిపి, మెమరీ పెంచి చదువుకునే పిల్లలకు అమ్ముతుంది. బోర్డు మాత్రం మార్చలేదు. 'చోటే మియా మోటార్ వైండింగ్' అనే ఉంది. కింద చిన్న అక్షరాలతో 'కంప్యూటర్లు కూడా' అని రాయించింది.

ఆమె పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్‌ను లేపింది. ఆ పెన్‌డ్రైవ్‌లో ఒక టూల్ ఉంది. మిషన్ లోపల ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, డిస్క్ ఎన్ని గంటలు తిరిగింది, ఎంత వేడెక్కింది అన్నీ తీసి ముందు పెడుతుంది. చివర ఒక పరీక్ష పెట్టి, మిషన్ ఎంత వేగంగా పనిచేస్తుందో అంకెలో చెబుతుంది. అది ఏ కంపెనీదీ కాదు. ఎక్కడెక్కడి మనుషులో కలిసి రాసినది. ఎవరైనా ఊరికే దించుకోవచ్చు, దాని కోడ్ తెరిచి చదవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. మూడేళ్లుగా నాజియా రోజుకు పదిసార్లయినా దాన్ని వాడుతోంది.

"తాతా, నిన్ను మోసం చేసిండ్రు," అంది తెర చూస్తూ. "స్టిక్కర్ మీద ఉన్నదొకటి, లోపల ఉన్నదొకటి. ఇది పదేండ్ల కిందటిది. మెమరీ గూడ సగమే ఉన్నది."

కాటమయ్య ముందుకు వంగి తెర చూశాడు. "నాకు ఇంగ్లీషు రాదు బిడ్డా. తెలుగు సదువుత. తెలుగుల సూపియ్యి, నేను సదువుకుంట. నువ్వు అబద్ధం చెప్తవని గాదు. ఇంటికి పోయి బిడ్డకు చెప్పాలె గద."

నాజియాకు ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు. సెట్టింగుల్లో భాషల జాబితా తెరిచి కిందికి దించింది. తెలుగు ఉంది. నొక్కింది.

తెర ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ వచ్చింది. కాటమయ్య వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవసాగాడు.

"ఒంటి... వేడి. నిద్ర లేచి... ఎంతసేపైంది. ఖాళీ జాగా. ఊకె... కూసున్నది." నవ్వాడు. "మిషన్ ఊకె కూసున్నదట. మంచిగ రాసిండ్రు బిడ్డా, మనోళ్లెవరో రాసినట్టున్నది. ఇగో, ఇదేంది? ఉరుకుడు పరీక్ష. గుర్రాలకు పెట్టినట్టు దీనికి గూడ ఉరుకుడు పరీక్షనా?"

ఆ మాట దగ్గరే నాజియా చూపు నిలిచిపోయింది.

ఆ మాట ఏ నిఘంటువులోనూ లేదు. మహబూబ్‌నగర్ హాస్టల్లో, పదకొండో నంబరు గదిలో, ఇద్దరు అమ్మాయిలు పుట్టించిన మాట అది. ఆ ఇద్దరిలో ఒకతె తాను.

ఆమె 'గురించి' అన్న చోట నొక్కింది. కింద చివరి వరుసలో ఉంది: 'తెలుగు: సుహాసిని, కొల్లాపూర్.'

*

పాలిటెక్నిక్ కాలేజీ ల్యాబులో ముప్పై కంప్యూటర్లుంటే నడిచేవి రెండే. ఆ రెండింటి దగ్గర అబ్బాయిలు కూర్చునేవారు. రెండో సంవత్సరంలో సుహాసిని ల్యాబు సార్ దగ్గరికి పోయి, మూలకు పడేసిన వాటిలోంచి పనికొచ్చే సామాను ఏరుకుంటామని అడిగింది. ఆయన చెయ్యి ఊపి తీసుకొమ్మన్నాడు. ఒకదాని డబ్బా, ఇంకోదాని బోర్డు, మరోదాని ఫ్యాను తీసుకొని ఇద్దరూ హాస్టల్ గదిలో నేల మీద కూర్చొని ఒక మిషన్ కట్టారు. నాజియా స్క్రూలు విప్పేది. సుహాసిని వాటిని పెదాల మధ్య పెట్టుకొని, అడిగినప్పుడల్లా ఒక్కొక్కటి అందించేది.

అది లేచిన రోజు నుంచి ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఏదో ఒకటి మార్చడం, వేగం కొలిచే బెంచ్‌మార్క్ పెట్టడం, అంకె చూసుకోవడం. కిటికీ దగ్గర పెడితే ఒక అంకె వచ్చేది, మంచం కింద పెడితే మరో అంకె. 'బెంచ్‌మార్క్ అంటే ఏందే' అని గదిలో మిగతా పిల్లలు అడిగితే 'ఉరుకుడు పరీక్ష' అని చెప్పింది సుహాసిని. పని లేకుండా ఉన్న ప్రాసెసర్‌కు 'ఊకె కూసున్నది' అని పేరు పెట్టింది నాజియా. నోటు పుస్తకం చివరి పేజీలో తేదీల వారీగా అంకెలు రాసుకున్నారు. అన్నిటికన్నా పెద్దది రెండువేల నూట నలభై ఆరు. అది వచ్చిన సాయంత్రం ఇద్దరూ మెట్ల మీద కూర్చొని మిర్చి బజ్జీలు తిన్నారు.

సెలవుల్లో సుహాసిని జడ్చర్లకు వచ్చేది. చోటే మియాను చాచా అని పిలిచేది. ఆయన మోటారు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని దాని జబ్బు చెబుతుంటే నోరు తెరుచుకొని చూసేది. "దీనికి ఆయాసం వస్తాంది," అనేవాడాయన రైతుతో. "మస్తు నడిపిండ్రు. జర ఆపి నడపుండ్రి, పాణం ఉన్నదే గదా దానికి గూడ." కంప్యూటర్ వేడెక్కినప్పుడు తన వేగం తానే తగ్గించుకుంటుందని ఆ ఏడాదే చదివారు. దానికి ఏం పేరు పెట్టాలో ఇద్దరూ వెతుక్కోలేదు. చాచా మాటే పెట్టారు.

చదువు అయిపోగానే ఆ దుకాణంలోనే సగం జాగాలో కంప్యూటర్లు బాగుచేసే పని మొదలుపెట్టాలనుకున్నారు. చోటే మియా ఒప్పుకున్నాడు. నాజియా ఒక వైపు గోడకు సున్నం వేయించి రెండు బల్లలు పెట్టించింది. ఆఖరి పరీక్ష రోజు సుహాసిని వాళ్ల నాయిన ట్రాలీ ఆటో తెచ్చి సామాను ఎక్కించాడు. మిషన్ కూడా అందులోనే పోయింది. "దుకాణం తెరిచిననాడు పట్టుకొస్త," అంది సుహాసిని.

ఇరవై రోజుల తర్వాత సుహాసిని పెళ్లి కార్డు వచ్చింది. అది కూడా సుహాసిని తేలేదు, వాళ్ల ఊరి అమ్మాయి ఒకతె తెచ్చిచ్చింది. నాజియా దాన్ని చదివి ఖాళీ బల్ల మీద పెట్టింది. ఒక్క మాట చెప్పలేదే అన్నదే ఆమె మనసులో తిరిగింది. పెళ్లికి పోలేదు. సుహాసిని నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ మోగనిచ్చింది. రెండు నెలలకు కోపం తగ్గి తానే చేస్తే, ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. ఎవరినైనా అడిగి కొత్త నంబరు తెలుసుకోవచ్చు. అడగలేదు. ఆమెనే అడగనీ అనుకుంది. అట్లా ఎనిమిదేళ్లు పోయాయి.

*

కాటమయ్య లాప్‌టాప్‌కు మెమరీ వేసి, డిస్క్ మార్చి పంపేశాక నాజియా ఆ టూల్ వాళ్ల పేజీ తెరిచింది. తెర మీద కనబడే ప్రతి మాటకూ ఎదురుగా దాని తెలుగు రాసిన వరుసలన్నీ అక్కడ ఉన్నాయి. మొత్తం ఆరువందల పద్నాలుగు. అన్నం తినకుండా కూర్చొని ఒక్కొక్కటీ చదివింది. కొన్ని చోట్ల నవ్వు వచ్చింది. కొన్ని చోట్ల తెర మసకగా కనబడితే కళ్లు తుడుచుకుంది. మొదటి వరుస కింద తేదీ చూసింది. మూడేళ్ల కిందటిది. మూడేళ్లుగా తాను రోజూ తెరుస్తున్న కిటికీలోనే, ఒక్క నొక్కు దూరంలో, ఈ మాటలన్నీ ఉన్నాయి. తాను ఇంగ్లీషులోనే చూస్తూ పోయింది.

ఒకే ఒక వరుస తెలుగు కాలేదు. ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకోవడం గురించిన వరుస అది. దాని పక్కన గడి ఖాళీగా ఉంది.

నాజియా చాలాసేపు ఆలోచించింది. ఏదో పెద్ద ఉత్తరం రాయాలనుకొని రెండు వాక్యాలు రాసి చెరిపేసింది. చివరికి ఆ ఖాళీ గడిలో 'ఆయాసం' అని రాసి, కింద తన పేరు పెట్టి పంపింది.

మూడో రోజు సుహాసిని నుంచి జవాబు వచ్చింది. 'చేర్చాము. ధన్యవాదాలు.' అంతే.

ఆ 'ధన్యవాదాలు' నాజియాను బాగా గుచ్చింది. అయినా ఊరుకోలేదు. మరుసటి రోజు ఇంకో వరుస తీసుకొని, 'బ్యాటరీ ఆరోగ్యం' అనే కన్నా 'బ్యాటరీ సత్తువ' అంటే బాగుంటుందని రాసింది. సుహాసిని ఒప్పుకుంది. ఆ తర్వాత మరొకటి. అట్లా రెండు వారాలు ఇద్దరూ ఎవరో తెలియనివాళ్లలాగా, మీరు మీరు అనుకుంటూ మాటలు దిద్దుకున్నారు. ప్రతి మధ్యాహ్నం రెండు దాటాక జవాబు వచ్చేది. నాజియా రెండింటి నుంచే తెర వంక చూసేది. దుకాణంలో ఎవరైనా ఉంటే తొందరగా పంపించేసేది.

ఒకరోజు 'పంఖా వేగం' అన్న వరుస కింద సుహాసిని రాసింది: 'చాచా ఎట్లున్నడు?'

నాజియా రాసింది: 'లేడు. కరోనాల పోయిండు. నాలుగేండ్లాయె.'

ఆ రోజు జవాబు రాలేదు. ఆ టూల్‌ను చూసుకునే యోనాస్ అనే ఆయన ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. ఆయనకు తెలుగు రాదు. మిషన్ తర్జుమా పెట్టుకొని చదివినట్టున్నాడు. 'ఫ్యాను వేగానికీ చిన్నాన్నకూ సంబంధం ఏమిటి? ఏ వరుస మార్చాలి?' అని ఇంగ్లీషులో అడిగాడు.

ఇద్దరిలో ముందు సుహాసిని రాసింది: 'ఏ వరుసా మార్చనక్కర లేదు. ఈమె నా స్నేహితురాలు. ఈమె నంబరు నాకు కావాలి. అందరికీ కనబడేటట్టు ఇక్కడ అడగలేను.'

గంటలోపు యోనాస్ ఒకరి మెయిల్ చిరునామా ఇంకొకరికి పంపి, ఆ ముచ్చటను అక్కడికి మూసేశాడు. మూస్తూ ఒక నవ్వు బొమ్మ పెట్టాడు.

ఫోన్‌లో ఇద్దరూ ఎక్కువ మాట్లాడలేకపోయారు. "నాజీ," అంది సుహాసిని. ఆ పిలుపు విని ఎనిమిదేళ్లయింది. "వస్త," అంది నాజియా. "ఎల్లుండి వస్త. ఇంట్ల ఉంటవా?"

"ఇంట్లనే ఉంట," అంది సుహాసిని. "ఎటు పోత?"

*

కొల్లాపూర్ బస్సులో మామిడి బుట్టల వాసన నిండి ఉంది. ఏం మాట్లాడాలో నాజియా బస్సెక్కినప్పటి నుంచీ అనుకుంటూనే ఉంది. దిగేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

సుహాసిని గల్లీ మొదట్లోనే నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"సన్నగైనవ్," అంది సుహాసిని.

"నువ్వు లావైనవ్."

"బిడ్డ పుట్టినంక గిట్లైన," అని నవ్వి, నాజియా చేతిలోని సంచి లాక్కుంది.

ఇల్లు చిన్నది. ముందు గదిలో మంచం మీద సుహాసిని అత్త నాగరాణి పడుకొని ఉంది. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మాట మాత్రం పదునుగానే ఉంది. "గీ పిల్లనేనా రోజూ రాసేది? దా బిడ్డా, కూసో. నీళ్లియ్యవే ముందుగాల," అంది. సుహాసిని భర్త దివాకర్ కరెంటు లైన్‌మన్, డ్యూటీకి పోయాడు. ఆరేళ్ల కూతురు వేసవి సెలవులకు అమ్మమ్మ ఇంటికి పోయింది.

లోపలి గదిలో కుట్టు మిషన్ పక్కన, పాత చీర కప్పి ఒక డబ్బా ఉంది. సుహాసిని చీర తీసింది. వాళ్లు కట్టిన కంప్యూటరే. ముందు పలక మీద నాజియా సూదితో గీకిన పదకొండు అంకె ఇంకా ఉంది.

"దీని మీదనే రాసినవా అన్ని?" అంది నాజియా.

"మొదట దీని మీదనే. పోయిన ఏడాది నుంచి లేస్తది, మల్ల పండుకుంటది. ఇప్పుడు ఫోన్‌ల రాస్తున్న."

నాజియా సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి నేల మీద కూర్చుంది. సుహాసిని ఎదురుగా కూర్చుంది. పక్క పలక ఊడగానే ఫ్యాను నిండా దుమ్ము, జనపనార లాగా. ప్రాసెసర్ మీద రాసే పేస్టు ఎండి పెచ్చులైపోయింది. నాజియా విప్పిన స్క్రూ చెయ్యి చాచి ఇచ్చింది. సుహాసిని దాన్ని తీసుకొని పెదాల మధ్య పెట్టుకుంది. ఏమీ ఆలోచించకుండానే పెట్టుకుంది. అది చూసి నాజియా తల దించుకొని ఫ్యాను తుడవడంలో పడిపోయింది.

"మింగుతవే పిల్లా!" అని ముందు గదిలోంచి అత్త కేక వేసింది. తలుపులోంచి ఆమెకు అంతా కనబడుతోంది.

నోట్లో స్క్రూలతో సుహాసిని నవ్వలేక నవ్వింది.

దుమ్ము దులిపి, పేస్టు కొత్తగా రాసి, మెమరీ పలకలు తీసి తుడిచి పెట్టేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో పని మాటలు తప్ప వేరే మాట లేదు. అయినా నాజియాకు ఎన్నాళ్లకో కడుపు నిండా తిన్నట్టనిపించింది. మిషన్ లేచింది. పెన్‌డ్రైవ్ పెట్టి ఉరుకుడు పరీక్ష మొదలుపెట్టారు. ఫ్యాను గుర్రుమంటుంటే ఇద్దరూ మోకాళ్లు కౌగిలించుకొని తెర చూస్తూ కూర్చున్నారు.

"నీకు చెప్పలేదని కోపమొచ్చింది గద," అంది సుహాసిని తెర మీంచి చూపు తిప్పకుండా. "నాకు చెప్పిందే పెళ్లికి పది రోజుల ముందు. రెండు రోజులు తినకుండ పండుకున్న. నాయిన వినలే. నువ్వు బల్లలు చేయించినవని తెలుసు. ఏమని చెప్పాలె నీకు? చెప్పనీకె మొకం లేకుండె."

"ఫోన్ ఎత్తి ఉంటే చెప్పేదానివి," అంది నాజియా. "తప్పు నాదే. నేను ఎత్తలే."

"ఈ మాటలన్ని ఎందుకు రాసిన్నో తెలుసా? నువ్వు ఆ పనే చేస్తున్నవని మన క్లాసు పిల్ల ఒకామె చెప్పింది. ఆ పని చేసేటోళ్లు ఈ టూల్ వాడుతరని తెలుసు. ఎన్నడో ఒకనాడు తెలుగుల పెట్టి సూస్తవని రాసిన. మూడేండ్లు."

"ఆ ఒక్క వరుసెందుకు ఖాళీగ వదిలిపెట్టినవ్?" అంది నాజియా.

"అది చాచా మాట. నువ్వు బతికుండంగ నేనెట్ల రాస్త? నువ్వే రాయాలె."

పరీక్ష అయిపోయింది. రెండువేల నూట ముప్పై తొమ్మిది. పాత అంకె ఇద్దరికీ గుర్తుంది. ఎవరూ పుస్తకం వెతకలేదు.

"ఏడే తక్కువ," అంది సుహాసిని మెల్లగా.

నాజియా ఆమె చెయ్యి పట్టుకుంది. "రా సుహా. ఇప్పుడన్న రా. రెండో బల్ల ఇంక గట్లనే ఉన్నది. దాని మీద నేను ఏమీ పెడుతలేను."

ముందు గదిలో అత్త ఒకవైపు తిరగడానికి ఆపసోపాలు పడుతుంటే సుహాసిని లేచి పోయి, పట్టి తిప్పి, దిండు సర్ది వచ్చింది.

"ఎట్ల వస్తనే? చూస్తున్నవు గద. బిడ్డ స్కూలు. ఈయనకు ఏ యాల్ల ఏ స్తంభం ఎక్కాల్నో తెల్వదు. అత్త నా చెయ్యి తప్ప ఇంకోల్ల చెయ్యి పట్టనియ్యది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆమె మంచామెనే. నాకు పగలు రెండు గంటలు వదిలిపెడుతది. ఆమె పండుకున్నంక ఆ రెండు గంటలు నాయి. గా రెండు గంటలు నీకిస్త. అంతకంటె నా దగ్గర లేదు."

రెండో బల్ల గురించి నాజియా మళ్లీ అడగలేదు. అన్నం తిన్నారు. మామిడిపండు కోసి ముగ్గురూ తిన్నారు. ఇకమీదట దుకాణానికి వచ్చే ప్రతి మిషన్ వివరాలూ మధ్యాహ్నం రెండింటికి పంపాలని, దాని జబ్బేమిటో కొన్నవాళ్లకు అర్థమయ్యే తెలుగులో సుహాసిని ఒక కాగితం రాసిపెట్టాలని మాట్లాడుకున్నారు. కాటమయ్య లాంటివాళ్లు ఆ కాగితం ఇంటికి పట్టుకుపోయి బిడ్డలకు చదివి వినిపిస్తారని నాజియా అంది. సుహాసిని కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూసి నాజియాకు సంతోషమూ కలిగింది, ఇంకా ఎక్కువ దిగులూ కలిగింది.

పక్కింటామెను అత్త దగ్గర కూర్చోబెట్టి, సుహాసిని బస్టాండు దాకా వచ్చింది. జడ్చర్ల మీదుగా పోయే బస్సు అప్పుడే వచ్చింది. "మస్తు మంది ఉన్నరు," అంది నాజియా. నిజానికి సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆ బస్సు పోయింది. సిమెంటు బెంచీ మీద కూర్చొని, హాస్టల్ వార్డెన్ ఇప్పుడెక్కడుందో, పదకొండో నంబరు గదిలో మూడో పిల్ల ఏమైందో మాట్లాడుకున్నారు. రెండో బస్సు వచ్చింది. ఈసారి సుహాసిని, "దీని టైరు మంచిగ లేదు," అంది. అది కూడా పోయింది.

మూడోది వచ్చేసరికి ఎండ దిగిపోయింది. ఇంట్లో అమ్మ ఎదురుచూస్తుంటుంది. నాజియా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరమ్మకు ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చింపి చేతిలో పెట్టింది. బస్సు కదిలింది. సుహాసిని కిటికీ వెంట నాలుగడుగులు నడుస్తూ ఏదో అంది. ఇంజన్ చప్పుడులో ఒక్క మాటా వినబడలేదు.

నాజియా సరే అన్నట్టు తల ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది.